లక్కా, లోటన్‌ల జంగ్లీ మనవడు

మా పాత బస్తీల జంతువుల పరిణామం గురించి మొట్టమొదట పాఠం చెప్పింది నేనే. ఆ పాఠం ఉన్న దినం పోరగాండ్లు గోడ దుంకి వస్తుండిరి. నేను బోర్డు మీద గుర్రం బొమ్మ గీస్తె దాన్ని మూడు దినాలు ఎవ్వరు తుడువలే.

నాకంటె ముందు ఇంకొకాయన చెప్పి పోయిండు, ఆ సంగతి పక్కన పెడుదాం. పోరగాండ్లు గోడ దుంకింది నిజమే గాని, లోపలికి గాదు, బయటికి. ఇగ గుర్రం బొమ్మ మూడు దినాలు ఉన్నది అంటె, బోర్డు తుడిచే బట్టను ఎవడో ఎత్తుకపోయిండు.

అది నిజాం కాలం. మా హైస్కూల్ల చదువంతా ఉర్దూల. ఇంట్ల తెలుగు, బజార్ల దక్కనీ, క్లాసుల కితాబుల ఉర్దూ. పరిణామాన్ని ఆ కితాబుల ‘ఇర్తిఖా’ అని రాసిండ్రు. బర్రెల కొట్టంల పుట్టి పెరిగినోన్ని, ఆ ‘ఖా’ను గొంతు అడుగు నుంచి తీసేటందుకు ఇంట్ల ఎన్ని దినాలు సాధన చేసిన్నో. మా బాపు పాలు పిండుకుంట, "దగ్గా బిడ్డా? శొంఠి కషాయం తాగు" అనేటోడు.

మా హెడ్మాస్టరు మంచోడు, భయస్తుడు. ఆ పాఠం వచ్చినప్పుడల్లా నన్ను పిలిచి ఒకటే మాట చెప్పేది. "మాస్టర్ సాబ్, జంతువుల దాక ఎంత దూరమన్న పొండి. మనిషి కాడికి వచ్చేసరికి బెల్లు కొట్టిస్త." అందుకని నేను గుర్రం కాన్నే ఆగిపోతుంటి. మొదలు గుర్రం కుక్కపిల్లంత ఉండె, ముందటి కాలికి నాలుగు వేళ్లు. తర్వాత మూడు. తర్వాత ఒకటే గిట్ట. ఎక్కం చెప్పించినట్టు చెప్పిస్తుంటి.

"మొదలు ఎన్ని?"

"నాలుగు!"

"తర్వాత?"

"మూడు!"

"ఇప్పుడు?"

"ఒకటి!"

ఒక దినం వెనక బెంచీలకెల్లి ఒకడు లేచి, "మాస్టర్ సాబ్, ఇగ ముందట సున్నానా?" అని అడిగిండు. క్లాసంతా నవ్విండ్రు. వాన్ని బెంచి మీద నిలబెట్టిన. జవాబు తెల్వనప్పుడు మా కాలంల అదే జవాబు.

నాది అప్పుడు పక్కా నౌకరి గాదు. ఏడేండ్ల సంది ‘మున్సరిం’ అని రాస్తుండిరి. అంటె, జాగ ఖాళీగ ఉన్నందుకు కూసోబెట్టినోడు. రేపు లే అంటె లేవాలె. సైన్సుకు ఒక పక్కా జాగ మంజూరు అయితది అని హెడ్మాస్టరు చెప్పిన నాటి నుంచి నేను దాన్ని నాదే అనుకున్న. గప్పుడు వచ్చిండు ఆయన.

నాకంటె తొమ్మిదేండ్లు చిన్న. ఛత్రినాకల ఉంటుండె, ఒక దర్జీ కొడుకు. బి.ఎస్సీ. పాస్. నేను గూడ బి.ఎస్సీ. అనే చెప్పుకుంటుంటి. నాది ఇంటర్. అది గూడ రెండోసారికి గట్టెక్కిన. ఆయనది గూడ మున్సరిం నౌకరే. ఇద్దరిట్ల ఒకరికే ఆ జాగ, ఒకరు బయటికి, లేకుంటె జిల్లాకు. ఈ సంగతి నాకు తెలుసు, ఆయనకు తెలుసు. నేను నిద్రల గూడ యాదిల పెట్టుకునేది, ఆయన మర్చిపోయి తిరిగేది. నాకు అన్నిటికంటె ఎక్కువ మంట పుట్టించింది ఆ మరుపే.

మా రెండు క్లాసుల నడుమ గోడ లేదు, వెదురు తడిక. ఒక దినం నేను గుర్రం వేళ్లు లెక్క పెట్టిస్తున్న. తడిక అవుతల పావురాల గుటగుట వినవడ్డది. నా పోరగాండ్ల చెవులు అటే పోయినయి. ఆయన సైకిల్ వెనక పంజరం కట్టుకొని వచ్చిండట.

"ఇదేంది?" అని అడిగిండు అవుతల.

"లక్కా, మాస్టర్ సాబ్!" అని క్లాసంతా ఒక్కసారి. పాత బస్తీ పోరగాండ్లకు పావురం పేరు అడుగుడా? సగం మంది ఇండ్ల మీద పావురాల గూండ్లు ఉండె.

"తోక ఎట్లున్నది?"

"పంఖా లెక్క!"

"మరి ఇది?"

"లోటన్! కింద పెడితె పల్టీలు కొడ్తది!"

"మరి ఇది?"

అవుతల నవ్వులు. "గది జంగ్లీ, మాస్టర్ సాబ్. మసీదు గుంబజ్ మీద ఉంటయి. ఫుకట్‌ల ఇచ్చినా ఎవ్వడు తీసుకోడు."

"ఈ ఫుకట్‌దే ఆ రెండిటికి తాత" అన్నడు ఆయన.

లొల్లి లేసింది. లక్కాకు జంగ్లీ తాతనా? ఒకడైతె తన ఖాందాన్‌ను తిట్టినట్టు, "తోబా తోబా" అన్నడు. ఆయన గొంతు పెంచలే. మెల్లగ చెప్పిండు. మన ముత్తాతల ముత్తాతలు జంగ్లీని పట్టుకొచ్చి పెంచిండ్రు. ఒకదానికి తోకల రెండు ఈకలు ఎక్కువ ఉండె. గది బాగున్నదని దాన్నే జత కట్టిండ్రు. దాని పిల్లలల్ల పెద్ద తోకదాన్ని మళ్ల ఏరిండ్రు. గట్ల ఏరుకుంట, ఏరుకుంట లక్కా అయింది. "మనిషి తన సరదాకు, షౌక్‌కు ఏరితేనే గింత మారింది. మరి కరువు ఏరుతది, చలి ఏరుతది, గద్ద ఏరుతది. అవి లక్షల ఏండ్ల సంది ఏరుతున్నయి. ఏమేమి మారి ఉండాలె, చెప్పుండ్రి?"

బెల్లు కొట్టిండ్రు. ఎవ్వరు లేవలే. నా పోరగాండ్లు తడిక సందులకు కండ్లు ఆనించి నిలబడ్డరు. వాండ్లను గద్దించి కూసోబెట్టిన అని రాద్దామనుకున్న. కాని నాకు గూడ ఒక సందు దొరికింది.

అప్పుడే ఆ క్లాసుల ఒకడు లేచి, "తాత అనేటందుకు సుబూత్ ఏంది?" అని అడిగిండు. రుజువు అడిగినోన్ని నేనైతె బెంచి ఎక్కిస్తుంటి. ఆయన ఏమన్నడు? "మంచిగ అడిగినవ్. నా తాన ఇప్పుడు లేదు. ఏడాదిన్నర టైమియ్యి. తెల్ల లక్కాకు, నల్ల లోటన్‌కు జత కట్టి, వాటి పిల్లలకు మళ్ల జత కడ్త. మనవండ్లల్ల ఒక్కటన్న తాత రంగుతోని పుడ్తది. బూడిద ఒళ్లు, రెక్క మీద రెండు నల్ల చారలు. పుట్టకుంటె నీ ముందట చెవులు పట్టుకుంట."

ఏడాదిన్నర! నేను ఏడేండ్ల సంది గుర్రం వేళ్లు చెప్తున్న, నన్ను ఎవ్వడు ఒక్క సుబూత్ అడుగలే.

ఆ దినం నుంచి నాకు కడుపుల నిప్పు పడ్డది. ఆయన అంగీ చేతులు మలుచుకునే తీరు నచ్చది. పోరగాండ్లు ఆయన సైకిల్ తుడుస్తె నచ్చది. ఒకడు ఆయనకు ఇంట్లకెల్లి ఖుబానీకా మీఠా తెచ్చిచ్చిండు. ఆయన దాంట్ల సగం నాకు పెట్టిండు. తిన్న. బాగుండె. బాగున్నందుకు ఇంకింత మండింది.

ఒక దినం దోపహర్ నమాజు టైముల బడి ఖాళీగ ఉన్నప్పుడు పోయి పంజరం తలుపు తీసి పావురాలన్నిటిని ఎగురగొట్టిన. లేదు, ఎగురగొట్టలే. ఎగురగొడ్దామనే పోయిన. చెయ్యి పెట్టంగనే లక్కా నా వేలు పొడిచింది. వేలు నోట్ల పెట్టుకొని వాపస్ వచ్చిన. ఇగ ఊకోలేక హెడ్మాస్టరు తానికి పోయి, "బడి అంతా రెట్టల వాసన" అని షికాయత్ చేసిన. ఆయన గంభీరంగ లేచి నా వెంట వచ్చిండు. పంజరం ముందట మోకాళ్లు మడిచి కూసోని చానసేపు చూసి, "ఈ లోటన్‌ను అమ్ముతరా ఏమో అడుగుండ్రి" అన్నడు.

ఇవేవీ ఆ దర్జీ కొడుకుకు తెల్వయి. నన్ను "అన్నా" అనే పిలిచేది. ఏడాదిన్నర అయినంక, ఒక శుక్రవారం సెలవు దినం, ఛత్రినాకల ఆయన ఇంటి మీదికి నన్ను తోలుకపోయిండు. మిద్దె మీద ఒక మూలకు జాలీ కొట్టి అర్ర లెక్క చేసిండు. చిటికెన వేలు పట్టే సందు గూడ లేదు.

"బయటి మగది ఒక్కటి లోపలికి చొరబడ్డా నా ఏడాదిన్నర మట్టిల కలుస్తది అన్నా" అన్నడు.

గూట్ల ఒక పిల్ల ఉండె. ఏడు దినాలది. ఈకలు మొలకల లెక్క పొడుచుకొస్తున్నయి, బూడిద రంగు. తల్లి తెలుపు నలుపు మచ్చలది, తండ్రి గూడ అట్లాంటిదే. నేను బిత్తరపోయి చూసిన.

"పట్టుకో అన్నా, కాలుకు రాగి తీగ చుడ్త. నీయి పాలు పిండిన చేతులు, మెత్తగ పడ్తయి."

నేను పాలోళ్ల బిడ్డనని బడిల ఎవ్వరికి చెప్పలే. ఈయనకు ఎట్ల తెలిసింది? ఎత్తిపొడుపే అనుకొని పండ్లు కొరుక్కుంట పట్టుకున్న. నా అరచేతిల ఆ పిల్ల గుండె గుబగుబ కొట్టుకుంటుండె. ఆయన తీగ చుట్టుకుంట అన్నడు, "ఒక్కని మాట సైన్సుల చెల్లది అన్నా. ఇద్దరు చూడాలె. నువ్వు చూసినవ్, ఇగ నాకు ఫికర్ లేదు."

మేం పాలోళ్లమని ఆయనకు ఎట్ల తెలిసిందో నాకు తర్వాత తెలిసింది. అంతకు నెల ముందు నన్ను వెతుక్కుంట మా ఇంటికి వచ్చిండట, నేను లేను. బాపుతోని కొట్టంల కూసున్నడట. ఇగ అప్పటి నుంచి వస్తనే ఉండె. ఒక దినం నేను ఇంటికి వచ్చేసరికి ఇద్దరు గడ్డిమోపు మీద కూసోని ఉన్నరు. గుడిమల్కాపూర్ నుంచి వచ్చిన పచ్చగడ్డి, దాన్ని ఆయన పట్టు పరుపు లెక్క వాడుతున్నడు.

"బాపూ, దున్నను ఎట్ల ఏరుతరు?" అని అడుగుతున్నడు.

"దున్న పాలియ్యది గద బిడ్డా. అందుకని దాని తల్లిని చూడాలె. తల్లి ఎన్ని సేర్లు ఇచ్చింది, ఎన్ని నెలలు ఇచ్చింది, పొదుగు నాలుగు పక్కల సమంగున్నదా. అటెన్క దాని అక్కచెల్లెండ్లను చూడాలె. దున్న ముఖం ఆఖరుకు చూడాలె. ముఖం చూసి కొన్నోడు మునిగిండు." బాపు లేచి మూలకున్న బర్రె వీపు చరిచిండు. "ఇది ఐదో తరం. దీని ముత్తవ్వకు తల్లి రెండు సేర్లు ఇచ్చేది. ఇది ఆరు ఇస్తది. మేం ఏమన్న మంత్రం ఏసినమా? ఏరినం, గంతే."

నేను గుమ్మంల నిలబడి విన్న. నేను ఆ కొట్టంల పుట్టిన. ఆ ఐదు తరాలల్ల మూడు తరాల పాలు తాగిన. ఈ మాట నాకు తెల్వది.

"నాకెన్నడు చెప్పకపోతివేంది బాపు?"

"నువ్వెన్నడు అడిగితివి?" అన్నడు బాపు. కోపం లేదు. అడిగినోని దిక్కు తిరిగి మళ్ల చెప్పుడు మొదలువెట్టిండు.

బయటికి వచ్చినంక ఆయన నా భుజం పట్టుకున్నడు. "అన్నా, మీ కొట్టమే పెద్ద పాఠం. బోర్డు మీద గుర్రం ఎందుకు? పోరగాండ్లను ఈడికి తోలుకరా."

"నన్ను దూద్‌వాలా మాస్టర్ అనాల్నని ఉన్నదా నీకు?"

"అంటె ఏమైతది?"

ఏమైతదో ఆయనకు ఎట్ల తెలుస్తది? ఆయన బి.ఎస్సీ. నేను కొట్టం వాసన పోవాల్నని పొద్దుగాల రెండుసార్లు తానం చేసి, చెవి వెనక అత్తరు రాసుకొని బడికి పోయేటోన్ని. నా తండ్రి నాకియ్యని మాట ఆయనకిచ్చిండు, నా ఇంట్ల ఉన్న పాఠాన్ని ఆయన నాకు భిక్ష లెక్క వాపస్ ఇస్తున్నడు. పావురాలకు కుళ్లుకున్నది ఒక తీరు. బాపు దగ్గర కుళ్లుకున్నది ఇంకో తీరు. అది ఇప్పటికి గూడ పూర్తిగ చల్లారలే.

తనిఖీ వచ్చింది. బడులను చూసే పెద్ద ఆఫీసర్, ముహ్తమిం సాబ్ అంటుంటిమి, ఆయన వస్తడు, మా ఇద్దరి పాఠం వింటడు, ఒకరి పేరు రాసుకపోతడు. ఇద్దరికి ఒకటే పాఠం, ఇర్తిఖా. ముహ్తమిం సాబ్‌కు పావురాల పిచ్చి ఉన్నదని పాత బస్తీల తెల్వనోడు లేడు. ఆ మాట విన్న రాత్రి నేను అన్నం తినలే.

మొదలు నాది. గుర్రాన్ని ఎన్నడు గీయనంత బాగ గీసిన. పోరగాండ్లు నాలుగు, మూడు, ఒకటి అని గొంతు చించుకున్నరు. ముహ్తమిం సాబ్ నా పాఠం నడుమ కుర్చీలకెల్లి లేచి నిలబడ్డడు. ఈ ముక్క నేను మస్తు మందికి చెప్పిన. లేచింది నిజం. కుర్చీల నల్లులున్నయి. కుర్చీ మార్చినంక కూసోని, "బొమ్మ బాగున్నది" అన్నడు. పాఠం గురించి ఏమనలే.

తర్వాత ఆయనది. లక్కాను చూపిచ్చిండు, లోటన్‌ను చూపిచ్చిండు, వాటి పిల్లలను చూపిచ్చిండు. ఆఖరుకు సంచిలకెల్లి మనవన్ని తీసిండు. అప్పటికి రెక్కలు నిండినయి. బూడిద ఒళ్లు, మెడ మీద పచ్చ, ఊదా మెరుపు, రెక్కకు రెండు నల్ల చారలు. గుంబజ్ మీదకెల్లి దిగివచ్చినట్టే ఉండె. సుబూత్ అడిగిన పోరడు ఎప్పుడో పై క్లాసుకు పోయిండు, ఆ దినం కిటికీల తల పెట్టి చూస్తుండె. ఆయన వాని దిక్కు చూసి, "చెవులు పట్టుకునే అవసరం పడలే" అన్నడు. క్లాసు గలగల నవ్వింది.

ముహ్తమిం సాబ్ లేచి వచ్చిండు. ఈసారి నల్లులకు గాదు. పావురాన్ని చేతిలకు తీసుకున్నడు, రెక్క విప్పిండు, కన్ను చూసిండు, కాలు తీగ తిప్పిండు. మొఖంల వెలుగు వచ్చింది. నా నౌకరి పోయింది అనుకున్న. అటెన్క ఆ వెలుగే ఆయన మొఖంల అనుమానం అయింది. పావురాల షౌక్ ఉన్నోళ్లకు ఒక గుణం ఉంటది, బజార్ల మోసపోయి మోసపోయి ఏ పావురాన్నీ నమ్మరు.

"నలభై ఏండ్ల సంది ఈ షౌక్‌ల ఉన్న" అన్నడు. "రంగేసి అమ్మినోళ్లను చూసిన, ఈక కుట్టి అమ్మినోళ్లను చూసిన. ఇది గుంబజ్ మీద పట్టిన జంగ్లీ కాదని ఏంది నమ్మకం? తీగ ఏ కాలుకైన చుట్టొచ్చు."

"నా మిద్దె మీద పుట్టింది సాబ్."

"గవాహ్ ఉన్నడా, కండ్లార చూసినోడు?"

ఆయన నవ్విండు. ఎంత నిమ్మళంగ నవ్విండో! "ఉన్నడు సాబ్. మా అన్న ఉన్నడు. ఏడు దినాల పిల్లను చేతిల పట్టుకున్నడు. చెప్పన్నా."

అందరు నా దిక్కు తిరిగిండ్రు.

నేను గొంతు సవరించుకొని ఉర్దూల మస్తు మర్యాదగ, అదబ్‌తోని చెప్పిన. "సాబ్, నేను ఒక పిల్లను పట్టుకున్న మాట నిజం. దానికి అప్పటికి ఈకలు రాలే. ఇది అదేనా కాదా అంటె, బూడిద పావురాలన్ని ఒక తీరే ఉంటయి. చూడనిది చూసిన అని ఎట్ల చెప్పాలె?"

ముహ్తమిం సాబ్ తల ఊపిండు. పావురాన్ని సంచిల పెట్టిచ్చిండు. "షౌక్ వేరు, పాఠం వేరు" అని బయటికి నడిచిండు. పావురాలు తెచ్చినాయన నా దిక్కే చూసుకుంట నిలబడ్డడు. కోపంగ గాదు. లెక్కల ఎక్కడ తప్పు పోయిందో వెతికే పోరని లెక్క.

ఈ కథను నేను చాన ఏండ్లు ఇట్లనే చెప్పుకున్న. చూసినంత మట్టుకే చెప్పిన, సైన్సు అంటె గదే గద, అని. విన్నోళ్లు మెచ్చుకునేది.

ఆ పిల్ల ఎడమ కాలు వెనక గోరు తెల్లగ ఉండె. మిగిలిన గోర్లన్ని నలుపు. మిద్దె మీద పట్టుకున్న దినమే చూసిన. ఆయన తీగ మీద ధ్యానంల ఉండి చూడలే, నేను చెప్పలే. ఆయనకు తెల్వనిది ఒక్కటన్న నాకు తెలుసు గదా అని లోపల్లోపల దాచుకున్న. తనిఖీ నాడు ముహ్తమిం సాబ్ కాలు తిప్పినప్పుడు నా కండ్లు మొదలు పోయింది ఆ గోరు మీదికే. తెల్లగ ఉండె. "ఎడమ కాలు వెనక గోరు చూడుండ్రి సాబ్, నేను ఆ దినమే చూసిన" అనే మాట నోటిదాక వచ్చింది. ఆ ఒక్క మాటతోని ఆయన ఏడాదిన్నర నిలబడుతుండె. నేను అదే మాటను మింగిన.

రెండు నెలలకు కాగితాలు వచ్చినయి. జాగ నాకు, ఏడాది చూసినంక పక్కా చేస్తరు. ఆయనకు దూరం తాలూకాల చిన్న బడి, పై క్లాసులే లేవు, ఆ పాఠమే లేదు.

పోయే ముందు దినం మా ఇంటికి వచ్చిండు. మొదలు కొట్టంలకు పోయి బాపు కాళ్లకు దండం పెట్టిండు. అటెన్క నా తానికి వచ్చిండు. లక్కాను, లోటన్‌ను పక్కింటోళ్లకు ఇచ్చిండట, బూడిదదాన్ని ఇడిసిపెట్టిండట.

"ఒక్క మాట అన్నా. ఆ జాగ నాకు గావాలె తమ్మీ అని నువ్వు ఒక్కసారి అడిగితె, ఆ దినం నేను పావురాలను తేకపోతుంటి. నేను గూడ గుర్రమే గీస్తుంటి. నాకు బొమ్మలు అస్సలు రావు, నీకు తెలుసు గద."

నేను ఆయన చేతులు పట్టుకొని ఏడ్చిన, మాఫ్ చెయ్యి అన్న అని రాస్తె మీరు నమ్ముతరు. నేను అన్నది, "చాయ్ తాగి పో." తాగకుండనే పోయిండు.

ఆ బూడిదది నాలుగు దినాలు ఖాళీ మిద్దె మీదికి వచ్చి, జాలీ ఉన్న మూలన కూసుంటున్నదని పక్కింటోళ్లు చెప్పిండ్రు. నేను ఉస్మాన్‌గంజ్ నుంచి జొన్నలు తెచ్చి పోయి సల్లిన. పట్టి, గోరు చూపించి, ముహ్తమిం సాబ్ తానికి తీసుకపోదామని. అది నా చేతికి దొరకలే. ఐదో దినం రాలే. మసీదు గుంబజ్ కింద నిలబడి చూసిన. వందల కొద్ది బూడిద పావురాలు. గోర్లు కనిపించేంత దగ్గరికి ఒక్కటి రాలే.

పై దఫ్తరుకు దరఖాస్తు రాసిన. గోరు సంగతి, నా గుటక సంగతి, అన్ని రాసిన. అది రాసింది నిజం, దీంట్ల పెంచి చెప్పింది ఏం లేదు. ఎప్పుడు పంపిన అన్నదే ఉన్నది. రాసింది ఆ వారంలనే. పంపింది ఏడాదికి, నన్ను పక్కా చేసిన కాగితం నా చేతిల పడ్డ మూడో దినం. అన్నొద్దులు ఆ దరఖాస్తు నా ట్రంకు అడుగున ఉండె. జవాబు తొందరగనే వచ్చింది. ‘దాఖిల్ దఫ్తర్’ అని రెండు మాటలు. అంటె ఫైలుల పెట్టినం, ఇగ దాని ఊసు లేదు అని. అదే దరఖాస్తు నకలు ఒకటి ఆయనకు గూడ తాలూకాకు పంపిన.

నెల దాటినంక ఒక కార్డు వచ్చింది. చదివే ముందు తలుపు గొళ్లెం పెట్టుకున్న. తిట్టి ఉంటడు, లేకుంటె మాఫ్ చేసి ఉంటడు. రెండిట్ల ఏది భరించలేనో తెల్వదు. కార్డుల ఆ రెండూ లేవు. గోరు ముచ్చట లేదు, పావురం ముచ్చట లేదు. ఇక్కడ పావురాల షౌక్, కబూతర్‌బాజీ లేదు గాని మేకలు మస్తు ఉన్నయి అన్నా, అని రాసిండు. పాఠం కితాబుల లేకున్నా అంగడి దినం పోరగాండ్లను తోలుకపోయి చెవులు కొలిపిస్తున్నడట. తల్లి చెవి, పిల్ల చెవి. నలభై ఆరు మేకలు అయినయట. ఒక మేకలామె ఐదేండ్ల సంది ఏ పోతును ఉంచింది, ఏ పోతును అమ్మింది నోటికి చెప్తదట. అడుగున చిన్న అక్షరాలతోని, "బాపును అడిగి రాయి: దున్నను ఏరేటప్పుడు కొమ్ములు చూస్తరా, చూడరా?"

సంతోషపడ్డ అని రాయాలె. నాకు మళ్ల కడుపు మండింది. నా జాగ నాకున్నది, తడిక అవుతల ఎవ్వరు లేరు, నా పోరగాండ్లు నాలుగు, మూడు, ఒకటి అంటున్నరు. ఆయన నేను పంపిన ఊర్ల మేకల చెవులు కొలుచుకుంట సుఖంగ ఉన్నడు!

కార్డు బాపుకు చదివి వినిపిచ్చిన. బాపు చేతులు కడుక్కొని వచ్చి నా ముందట కూసున్నడు. "రాయి, నేను చెప్త. కొమ్ములు చూస్తం. చూసి నమ్మం. వంకి తిరిగిన కొమ్ము తల్లిదా తండ్రిదా ఎరుక చేసుకుంటం..." అట్ల రెండు కార్డులు నిండినయి, మూడోది తెచ్చిన. నేను రాస్తున్న, నాకు తెల్వని ముచ్చట్లు, నా కొట్టం ముచ్చట్లు, ఒకటెన్క ఒకటి. నడుమల ఒక చోట బాపు "తల్లి" అంటె నేను "తండ్రి" అని రాసిన. కావాల్ననే రాసిన. బాపుకు చదువు రాదు, తాలూకాల ఉన్న ఆయనకు అది తప్పని తెలిసేటందుకు ఇంకో ఏడాదిన్నర పడ్తది.

బాపు చెప్పుకుంటనే ఉన్నడు. నేను ఆ మాటను కొట్టేసి, పైన "తల్లి" అని రాసి, మిగిలింది రాసుకుంట పోయిన. తెల్లారి డబ్బల ఏసిన. కొట్టేసిన మాట సిరా కింద మంచిగనే కనిపిస్తుండె.